గడులల్ల మంద

17 జనవరి 2024, బుధవారం

గీ డైరీ ఎరువుల దుకాణపాయన మా మామకు ఇచ్చిండు. మామకు చదువు రాదు, అత్తకు రాదు, మా ఆయనకు వచ్చుగని రాతలంటె ఆమడ దూరం ఉరుకుతడు. అంటె దీంట్ల ఏం రాసినా అడిగేటోళ్ళు లేరు. నాదే రాజ్యం.

ఇయ్యాల నార్కట్‌పల్లిల కంప్యూటర్ క్లాసుల చేరిన. టైర్ల దుకాణం మీద, ఇనుప మెట్లెక్కి పోవాలె. నేర్పేటామె పేరు రమ మేడం. నాకంటె చిన్నది, కండ్లద్దాల మీదికెల్లి చూస్తది. ఎక్సెల్ ఎందుకు నేర్సుకుంటున్నవ్ అనడిగింది. ఊరికెనే, ఇష్టం అని చెప్పిన.

ఊరికెనే కాదు. మా ఆయన గిరి తోలే డీసీఎం బండిని ఓనరు అమ్ముకున్నడు. దసరా సంది ఆయనకు పని లేదు. ఎవరో దోస్తు, పట్నంల ఉప్పల్ దిక్కు అపార్టుమెంటుల వాచ్‌మన్ జాగా ఉన్నదని చెప్పిండు. మెట్ల కింద రూము ఇస్తరట. ఆడమనిషి మెట్లు ఊడ్వాలె, కార్లు తుడ్వాలె. ఈ నెల దాటి పై నెల ఆఖరుకు రమ్మన్నరు. గదే టైముల నార్కట్‌పల్లిల గొర్రెల కాపర్ల కంపెనీ ఆఫీసోళ్ళు, ఎక్సెల్ వచ్చిన ఆడమనిషి కావాలె, కాపర్ల ఇండ్లల్లోళ్ళకే ఇస్తమని నోటీసు అంటిచ్చిండ్రు. అదొస్తె ఇక్కడ్నే ఉందాం, రాకుంటె పోదాం అన్నడు మా ఆయన. అని గోడ దిక్కు మర్రి పండుకున్నడు. ఆయనకు పట్నం మోజు పడ్డది, నాకు ఎరుకే.

పట్నమంటె నాకేం బుగులు లేదు. ఎక్సెల్ అంటె ఇష్టం, అంతే.

18 జనవరి

అన్ని గడులే. పైన ఏ, బీ, సీ, డీ. పక్కకు ఒకటి, రెండు, మూడు. ప్రతి గడికి ఒక పేరున్నది, ఊర్ల ఇంటి నెంబరు ఉన్నట్టు. బీ7 ఎక్కడుందంటె కండ్లు మూసుకొని చెప్త. కింద అంచు ఎక్కడుందో చూద్దామని బాణం గుర్తు వత్తుకుంట పోయిన, పోయిన, వేలు గుంజింది గని అంచు రాలే. రమ మేడం వచ్చి కంట్రోల్ పట్టుకొని బాణం వత్తింది, ఒక్కపారి అడుక్కు పోయి పడ్డది. లక్షల వరుసలట. నాకు నవ్వాగలే. ఇంత జాగా ఊరికెనే పడున్నది, మా ఇంట్ల దుప్పట్లు పెట్టుకుంటందుకు జాగా లేదు.

మేడం గూడ నవ్వింది. మొదటిరోజు మనిషి కాదు ఆమె.

20 జనవరి

గమ్మతి చూసిన. ఒక గడిల జనవరి అని కొట్టి, దాని మూలకు చిన్న చుక్క ఉంటది, దాన్ని పట్టి కిందికి గుంజితె ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ వాటంతట అవే వస్తయి. డిసెంబర్ దాటి మల్ల జనవరి. నేను గుంజుకుంట గుంజుకుంట ఎన్ని ఏండ్లు గడిపిన్నో నాకే తెల్వదు. పక్క కుర్చీల పిల్ల నన్ను చూసి నోట్ల చున్ని పెట్టుకున్నది.

ఇంటికొచ్చి రొట్టె చేస్తుంటె గదే యాది. ఒక్కటి చేసి మూల పట్టి గుంజితె దొంతి కావద్దా. అత్తకు చెప్పిన. అత్త నా మొకం చూసి, పిల్లా, పొద్దుగాల ఏమన్న తిన్నవా లేదా అనడిగింది.

22 జనవరి

ఇయ్యాల ఒక గడి నిండ ముగ్గులేసినట్టు గుర్తులొచ్చినయి. మెషిన్ ఖరాబ్ చేసిన అనుకొని, చెప్పకుంట బాత్రూంకు పోయి కూసున్న. మేడం వచ్చి తలుపు కొట్టింది. గడి ఇరుకైతె అంకె పట్టక గట్ల వస్తదట. గీత మీద రెండుసార్లు నొక్కితె గడి ఎడల్పయితది. నొక్కిన. అయింది. మనుషులకు గూడ గిట్ల ఉంటె ఎంత బాగుండు.

23 జనవరి

బస్సుల నిలబడే జాగా లేదు. ఆడోళ్ళకు టికెట్ లేదన్న కాడికెల్లి ఊరంత బస్సులనే ఉంటుంది. జీరో టికెట్ చేతుల పట్టుకొని ఈక్వల్ టు, సమ్, బ్రాకెట్ అనుకుంట పోయిన. పక్కామె, ఏ దేవుని మంత్రమమ్మా అనడిగింది. ముందుగాల ఈక్వల్ టు పెట్టకుంటె పనిజెయ్యదని చెప్పిన. దండం పెట్టింది.

25 జనవరి

కంపెనీ ఆఫీసుకు పోయిన. సారు పేరు కృష్ణకాంత్. నాతోని పాటు ఇంక ఇద్దరు ఆడోళ్ళు వచ్చిండ్రు, ఇద్దరు నాకంటె మంచి చీరెలల్ల. సారు పరీక్ష పెట్టిండు. ఎవరింటి మందను వాళ్ళు ఎక్సెల్ల ఎక్కియ్యాలె. ఒక్కొక్క జీవానికి ఒక్కొక్క వరుస. పేరో గుర్తో, రంగు, ఈడు, తల్లి, టీకా. అట్టడుగున మొత్తం. ఫిబ్రవరి పన్నెండుకు తేవాలె, మందగల్ల మనిషిని గూడ తోల్కరావాలె. సరే సార్, గదెంత పని సార్ అని చెప్పి నవ్వుకుంట దిగిన.

బస్సు ఎక్కినంక యాదికొచ్చింది. మొత్తం.

మా ఇంట్ల మందను లెక్క పెట్టరు. నేను కాపురానికి వచ్చిన్నాడే అత్త చెప్పింది, ఏలు పెట్టి లెక్క పెడితె మంద తరుగుతది, ఆ అంకె నోట్లెకెల్లి రావద్దు. మామ పొద్దుగూకంగ దొడ్డి కాడ నిలబడి ఒక్కొక్కదాని మొకం చూస్తడు. ఏది రాకున్నా ఆయనకు తెలుస్తది, గని లెక్క మాత్రం లేదు. ఎన్నున్నయే ఐలేశం అని ఎవరన్న అడిగితె, ఉన్నయి అంటడు. అంతే. ఎన్నున్నయంటె ఉన్నయి. టీకాలేసే డాక్టరు అడిగితె గూడ, సూదులు జర ఎక్కువే తే సారూ అన్నడు.

గసొంటి మనిషిని నేను మొత్తం అడగాలె. బస్సుల నాకు ఒకటే నవ్వు. బుగులుకు గూడ నవ్వొస్తదని ఇయ్యాల తెలిసింది.

27 జనవరి

మామను అడిగిన. లెక్క గాదు మామా, పేర్లు చెప్పు, ఒక్కొక్కదాని ముచ్చట చెప్పు, నేను రాసుకుంట అన్న. మామ చుట్ట ఆర్పిండు. వాటి ముచ్చట్లు ఎవరికి కావాలె అన్నడు. నాకు కావాలె అన్న. ఆయన మీసాల్ల నవ్వు దాసుకునుడు నేను చూడకపోలే.

రమ మేడం తన పాత లాప్‌టాప్ ఇచ్చింది. దాని బ్యాటరీ సచ్చింది, వైరు పెడితెనే పనిజేస్తది. అత్త దాన్ని మెత్తటి రుమాలల చుట్టి, పాలు పెట్టే గూట్లె పెట్టింది.

28 జనవరి, ఆదివారం

ఇయ్యాల మంద ఎక్కుడు మొదలయింది. అరుగు మీద నేను, మెషిన్, పక్కకు మామ. పేర్లు ఇంగ్లీషు అక్షరాలల్లనే కొట్టిన, తెలుగు కొట్టరాదు నాకు. నల్లబొల్లి. మొండిచెవిది. ఎర్రచుక్క. పుల్లపొట్టది. రెండో తోకది, రెండు తోకలున్నయని కాదట, తోక సగం తెగి, కొసకు కుచ్చు లెక్క బొచ్చు మొలిచిందట. మొండిచెవిది వానల పుట్టిందట, మామ అంగి ఇప్పి దానికి కప్పి తాను తడుసుకుంట వచ్చిండట. అత్త లోపల్నుంచి, నేను కన్నప్పుడు ఎవడన్న అంగి ఇప్పిండా అన్నది.

బాగ నడుస్తాంది అనుకున్న. మామ మెషిన్ల తొంగి చూసిండు. చదువు రాదు గని అంకెలు గుర్తుపడుతడు, బస్సు నెంబర్లు చూసే కదా ఎక్కుతడు. నల్లబొల్లి పక్కపొంటి రెండు, మొండిచెవి పక్కపొంటి మూడు. కిందికి చూసుకుంట పోయిండు. గవేంది అన్నడు. వరుసల నెంబర్లు మామా, అవి వాటంతట అవే వస్తయి అన్న.

మామ గొంగడి భుజం మీదేసుకొని లేచి పోయిండు. బువ్వ గూడ తినలే.

29 జనవరి

మామ మాట్లాడుత లేడు. అత్త, నువ్వు మెషిన్ల మంద కాస్తున్నవు, ఆయన బయట కాస్తుండు, ఇద్దరి నడుమ నేను సచ్చిన అన్నది.

రమ మేడంకు చెప్పిన. ఆమె నవ్వుతదేమో అనుకున్న, నవ్వలే. వ్యూ అనే కాడ నొక్కి, హెడింగ్స్ అని ఉంటది, దాని ముందట టిక్కు తీసేసింది. నెంబర్లు మాయం. ఏ, బీ, సీలు గూడ మాయం. ఒట్టి గడులు. నేను ఆ ఇనుప మెట్లు ఎట్ల దిగిన్నో నాకు సోయి లేదు, టైర్ల దుకాణమాయన ఏమైందమ్మా అని లేచి నిలబడ్డడు.

30 జనవరి

మామ వచ్చి చూసిండు. దగ్గరికి వంగి పక్కపొంటి చూసిండు, పైన చూసిండు. ఏం లేవు. ఊఁ అని కూసున్నడు. కాకిమూతిది అని మొదలుపెట్టిండు.

31 జనవరి

దినాం పొద్దుగూకితె ఇదే పని. మామ ఒక్కొక్కదాన్ని ఎంచుకొని, దాని తల్లి ఎవ్వరో, ఆ తల్లి తల్లి ఎవ్వరో చెప్పి, యాడనో ఉన్న చుట్టాల కథ చెప్పినట్టు చెప్తడు. మధ్యల ఆపుతడు. ఇంకున్నయి తియ్యి అంటడు. లేస్తడు. ఎన్నున్నయి అని అడగను. అడుగుతె మల్ల గొంగడి భుజం మీదికి పోతది.

మా ఆయన గడపల నిలబడి చూస్తుండు. నవ్వుతుండు గూడ. పట్నం పోయే ఖుషిల ఉన్నడు గావచ్చు.

2 ఫిబ్రవరి, శుక్రవారం

కొంపలంటుకున్నయి. మేడం సార్టు నేర్పింది, అంటె అక్షరాల ప్రకారం పేర్చుడు. నేను తెలివిగల్లదాన్ని కదా, ఇంటికొచ్చి తల్లుల గడులు మాత్రం పట్టి సార్టు కొట్టిన. అదేదో అడిగింది, పక్కవి గూడ కలపాల్నా అని. వద్దు అని నొక్కిన, తల్లులు చాలు కదా అని. సేవ్ కొట్టి మూసిన. సక్కగ వరుసగ నిలబడ్డయి తల్లులు, ఎంత ముద్దుగున్నయో అనుకున్న.

రాత్రి బువ్వకు ముందు మామకు చదివి వినిపించిన. మొండిచెవి తల్లి పుల్లపొట్టది అన్న. మామ చెవి ఇటు పెట్టిండు. ఎర్రచుక్క తల్లి రెండో తోకది అన్న. మామ లేచి నిలబడ్డడు. "రెండో తోకది ఎర్రచుక్క కంటె ఈడుల చిన్నది, అది ఎర్రచుక్కను ఎప్పుడు కన్నదే?" అన్నడు. తర్వాత కాకిమూతికి దాని బిడ్డనే తల్లి అయింది. తర్వాతది ఇంక పాపం, దాని తల్లి అదే.

నేను ఏడ్వబోయిన. మామకు నవ్వు మొదలయింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది, అత్త నీళ్ళు తెచ్చింది, నీళ్ళు గూడ ముక్కుల్నుంచి వచ్చినయి. నేను గూడ నవ్విన. మా ఆయన ఆ సప్పుడుకు ఉరికొచ్చి, ఏమైందే అని మమ్మల్ని చూసుకుంట తాను గూడ నవ్విండు, ఎందుకో తెల్వకుంటనే.

3 ఫిబ్రవరి

కంట్రోల్ జెడ్ కొడితె చేసింది ఎనకకు పోతదట. సేవ్ చేసి మూస్తె పోదట. ముందుగాల ఎవరన్న చెప్పాలె కదా.

మామ ఊర్ల బిక్షమ్మ హోటల్ కాడ కూసొని, నా కోడలు బిడ్డతోని తల్లిని ఈనిచ్చింది అని అందరికి చెప్పిండట. చాయ తాగేటోళ్ళంత నేను బస్సు దిగంగనే చూసి నవ్విండ్రు. కోపం రాలే నాకు. ఏందో గీ నెలల నాకు కోపం రాకుంట అయింది.

తల్లులనన్నిటిని మల్ల మొదట్నుంచి చెప్పిండు మామ. ఒక్కటి గూడ తప్పలే, ఒక్కటి గూడ ఇసుక్కోలే.

5 ఫిబ్రవరి

పేర్ల గడులన్నిటిని ఒక్కసారి పట్టి నీలం రంగు వేద్దామని గుంజిన. అట్టడుగున పట్టీల 'కౌంట్' అని ఒక మాట, దాని పక్కన అంకె. ఎన్ని గడులు పట్టినవో అదే లెక్క పెట్టి చెప్తదట. నేను కండ్లు మూసుకున్న. మూసుకునే మౌస్ ఇడిచిన.

చూడలే. ఒట్టు, చూడలే. మొదటి అంకె ఒక్కటి కండ్ల పడ్డది, అది చూసినట్టు కాదు.

అప్పట్నుంచి మెషిన్ తెర అడుగున రుమాలు అడ్డం పెట్టుకొని కొడుతున్న. అత్త ఎందుకే అనడిగితె, వేడి తగులుతది అని చెప్పిన.

7 ఫిబ్రవరి

మా ఆయన పట్నం పోయి ఆ రూము చూసొచ్చిండు. ఎట్లుంది అనడిగితె మంచిగనే ఉన్నది అన్నడు. కిటికి ఉన్నదా అన్న. ఉన్నట్టే ఉన్నది అన్నడు. మా బిడ్డ సుస్మిత, నాయినా అక్కడ బడి ఉన్నదా అనడిగింది. దాన్ని ఒళ్ళె కూసోబెట్టుకొని దాని జడ సక్కజేసిండు. బువ్వ తినలే. పట్నం తిండి మంచిగ తినొచ్చిండు గావచ్చు.

ఆయనకు అంత ఇష్టమైతె నేనెందుకు అడ్డం పడాలె. ఆ అపార్టుమెంటోళ్ళు ఇచ్చే చీపురు ఎసొంటిదో ఏమో.

8 ఫిబ్రవరి

రాయబుద్ధి అయితలేదు. క్లాసుకు పోయిన, వచ్చిన.

9 ఫిబ్రవరి

పోబుద్ధి అయితలేదు నాకు. పట్నం పోబుద్ధి అయితలేదు. ఎవ్వరు చదవరు కదా గిది, రాస్తున్న. ఒకల్ల ఇంటి మెట్ల కింద పండుకొని, పైనోళ్ళు దిగే చెప్పుల సప్పుడు ఇనుకుంట ఉండుడు నాతోని కాదు. నాకు గీ అరుగు కావాలె, గీ మెషిన్ కావాలె, మామ చెప్పే కాకిమూతి ముచ్చట కావాలె. ఆ ఇనుప మెట్లెక్కుతుంటె నాకు ఎంత సంతోషమైతదో ఎవ్వరికి చెప్పలే. ఉద్యోగం రాకుంటె నేను పోవాలె. ఇంక అబద్ధం రాయను.

10 ఫిబ్రవరి, శనివారం

సోమవారమే పరీక్ష. మామ ఇయ్యాల గూడ కొన్ని చెప్పి, ఇంకున్నయి తియ్యి అని లేవబోయిండు. నేను ఆయన గొంగడి కొస పట్టుకున్న. కోడలు మామ గొంగడి పట్టుకొని గుంజుడు మా ఇండ్లల్ల ఎక్కడన్న ఉన్నదా. పట్టుకున్న.

"మామా, సోమవారం నాటికి అన్ని ఎక్కాలె. ఎక్కకుంటె ఉద్యోగం రాదు. రాకుంటె మేం పోతం."

మామకు ఈ ముచ్చట మా ఆయన ఎన్నడు సక్కగ చెప్పనే లేదట. పట్నంల ఏదో పని చూస్తుండు అనుకున్నడట. దొడ్డి దిక్కు మర్రి చూసిండు.

"నువ్వు పోతె గివన్ని నేను ఎవరికి చెప్పాలె బిడ్డా" అన్నడు.

కూసున్నడు. చెప్పిండు. దీపం పెట్టే యాళ్ళకు మొదలుపెట్టి, అత్త రెండుసార్లు బువ్వకు పిలిచినా లేవకుంట చెప్పిండు. ఆఖరుది అయిందని ఎట్ల తెలిసిందంటె, ఇంకున్నయి తియ్యి అనలే. జరంత నీళ్ళియ్యి అన్నడు. నేను నీళ్ళిచ్చి, లోపలికి పోయి, తలుపెనక నిలబడి ఎగిరిన.

11 ఫిబ్రవరి

రమ మేడం ఆదివారం గూడ నా కోసం సెంటరు తెరిచింది. మొత్తం ముచ్చట తెగాలె కదా. ఆఖరు వరుస నెంబరు తెలిస్తెనే లెక్క వస్తదేమో అని భయపడ్డ. అక్కర్లేదట. పేర్ల నిలువు గడులన్నిటిని పట్టి, నిండిన గడులెన్ని అని అడగాలె, అండ్లకెల్లి పైనున్న 'పేరు' అన్న మాటకు ఒకటి తీసెయ్యాలె. కౌంట్-ఏ అంటరు దాన్ని. ఏ అంకె చూసే పని లేదు, ఏ అంకె రాసే పని లేదు. ఎంటర్ కొడితె మాత్రం వస్తది.

మేడం కొట్టబోయింది. నేను చెయ్యి పట్టుకున్న. వద్దు మేడం అన్న. నువ్వు గూడనా అన్నది. అవును, నేను గూడ. ఆ మంద ముచ్చట్లు అన్ని ఇన్నంక నాకు గూడ దాన్ని ఒక అంకె చెయ్యబుద్ధి కాలే.

12 ఫిబ్రవరి, సోమవారం

అన్ని రాయాలె. చేతులు ఊకుంట లేవు.

పొద్దుగాల బయలెల్లుదామంటె మామ దొడ్లెకెల్లి రాడు. పిలిచిన, పిలిచిన. చేతులు కడుక్కొని, తెల్ల పంచె కట్టుకొని వచ్చిండు. లాప్‌టాప్ నా ఒళ్ళె, వైరు మామ చేతుల. జాతర దగ్గరికొచ్చిందని చెర్వుగట్టు తొవ్వకు జనం, బస్సు నిండ జనం. కండక్టరు మామకు టికెట్ కొట్టి, నాకు జీరో టికెట్ కొట్టిండు. ఈ సర్కారు నన్ను మనిషి లెక్క చూస్తలేదు అన్నడు మామ.

ఆఫీసుల ఆ ఇద్దరు ఆడోళ్ళు ముందుగాల చూపెట్టిండ్రు. నేను తలుపు కాడికెల్లి చూసిన. ఒకామె పేర్ల గడులల్ల గొర్రె ఒకటి, గొర్రె రెండు, గొర్రె మూడు అని అట్టడుగు దాంక ఉన్నది. మూల పట్టి గుంజింది పాపం. నాకు ఆమె మీద నవ్వు రాలే, నేను గూడ మొదట గదే ఆలోచన చేసిన. సారు రెండు షీట్లు చూసి, మంచిదమ్మా అన్నడు.

నా వంతు వచ్చింది. వైరు పెట్టిన. సారు చదువుకుంట పోయిండు. నల్లబొల్లి, మొండిచెవి, రెండో తోకది కాడ ఆగిండు, అదేంది అనడిగిండు. మామ చెప్పిండు. కాకిమూతి కాడ మల్ల ఆగిండు, మామ మల్ల చెప్పిండు. సారు చాయ తెప్పిచ్చిండు. టీకాల గడులు చూసి, ఇవి ఎవరు చెప్పిండ్రు అన్నడు, మామ నెత్తి చూపెట్టుకున్నడు. అట్టడుగుకు వచ్చిండు సారు. మొత్తం ఏదమ్మా అన్నడు.

మామ దిక్కు చూసిన. మామ గోడ మీద క్యాలెండరు దిక్కు చూస్తుండు. నేను సారు కుర్చి పక్కన నిలబడి, ఈక్వల్ టు కొట్టి, కౌంట్-ఏ కొట్టి, పేర్ల గడులన్ని పట్టి, ఒకటి తీసేసి, బ్రాకెట్ అంత సరిగున్నదా అని మల్ల చూసి, చెయ్యి తీసిన. ఎంటర్ కొట్టలే.

"సార్, మేం బయటికి పోతం. తలుపు దగ్గరికేసుకొని మీరే ఎంటర్ కొట్టుండ్రి. వచ్చిన అంకె మాకు చెప్పకుండ్రి."

సారు నన్ను చూసిండు, మామను చూసిండు. ఎందుకని అడుగుతడు, కోపమైతడు, పో అంటడు అనుకున్న. అడగలే. సరే అన్నడు. మేం బయటికి పోయి మెట్ల మీద కూసున్నం. లారీలు పోతున్నయి, మామ చుట్ట ముట్టిచ్చిండు. లోపల ఏం సప్పుడు లేదు. ఎంటరుకు సప్పుడెక్కడిది.

సారు తలుపు తీసుకొని వచ్చి మాతోని పాటు మెట్ల మీదనే కూసున్నడు, మంచి ప్యాంటు మీదనే. చూసిన అన్నడు. ఎవ్వరికి చెప్పకు సారూ అన్నడు మామ. చెప్పను పెద్దమనిషీ, నా పని వరకే అన్నడు సారు. తర్వాత నా దిక్కు మర్రి, వచ్చే సోమవారం నుంచి రా త్రివేణమ్మా, జర పొద్దుగాలనే రా అన్నడు.

నేను లేచి నిలబడ్డ. మల్ల కూసున్న. మల్ల లేచిన. ఏం మాట్లాడిన్నో తెల్వదు, ఈక్వల్ టు అన్నట్టున్న.

బస్సుల మామ కిటికి పక్కన కూసొని తనలో తాను నవ్వుతుండు. ఏంది మామా అన్న. "ఎంటర్ కొడితె వచ్చిన అంకె నువ్వు చూడలే కదా" అన్నడు. చూడలే అన్న. మామ నా చెవి దగ్గరికి వంగిండు. "తెల్లారంగ పుల్లపొట్టది ఈనింది. ఇద్దరు. గందుకే దొడ్లె లేటయింది. ఆ సారు చూసిన అంకె తప్పు." అని, బస్సంత మర్రి చూసేటట్టు నవ్విండు. పొద్దుగాలనే చెప్పొచ్చు కదా మామా అంటె, ఎందుకు చెప్పాలె అన్నడు. నా కండ్లల్ల నీళ్ళొచ్చేదాంక నవ్విన.

ఇంటికొచ్చేవరకు మా ఆయన అరుగు మీద కూసున్నడు. సుస్మిత బడి సంచి ఆయన ఒళ్ళె. నేను చెప్పుదామని బస్సుల ఎన్నో మాటలు పేర్చుకున్న. సోమవారం నుంచి రమ్మన్నరు అన్న, అంతే. ఆయన తలకాయ కిందికి వేసుకున్నడు. అయ్యో, పట్నం పోయేది తప్పె అని బాధపడుతుండు అనుకున్న.

"నాకు గూడ పోబుద్ధి కాలేదే" అన్నడు. "ఆ రూముకు కిటికి లేదు. నిన్ను అండ్ల పెట్టి ఎట్ల తాళమెయ్యాలె అని అక్కడ్నే నిలబడి ఏడ్చిన. చెప్తె నువ్వు నేర్సుకునుడు బంద్ జేస్తవని చెప్పలే. వాచ్‌మన్ పని నేను అడగలే, ఇంకేం చెయ్యాల్నో తెల్వక ఊఁ అన్న."

నేను ఆయన పక్కన కూసున్న. నెల రోజుల సంది గీ మనిషి మొకం మీద నేను ఏమేం చదివిన్నో, గీ డైరీల ఏమేం రాసిన్నో యాదికొచ్చి సిగ్గయింది. అన్ని తప్పే. కంట్రోల్ జెడ్ కొట్టను, ఉండనీ.

మా ఆయన ఫోను తీసి ఆ దోస్తుకు కొట్టిండు. స్పీకరు పెట్టమన్న. మేం వస్తలేం అన్నడు. దోస్తు ఏందో అన్నడు, వస్తలేం అన్న కదా అని ఫోను పెట్టేసిండు.

మల్ల చెప్పు అన్న నేను.

ఎవరికే అన్నడు.

నాకు.

వస్తలేం అన్నడు.

మల్ల చెప్పమన్న. మల్ల చెప్పిండు.